అమోనియా సున్నా చూపిస్తోందా? ముందు మీ టెస్ట్ కిట్‌ని పరీక్షించండి

నమస్కారం అండీ. ఈ రెండు గొట్టాలు చూడండి. రెండిట్లోనూ ఒకే చేపల తొట్టె నీళ్లు, చెరో 5 మిల్లీలీటర్లు. రెండూ ఒకే కంపెనీ అమోనియా కిట్‌తో చేసిన పరీక్షలే. అమోనియా అంటే చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే విషం. ఎడమవైపుది నిమ్మపండు పసుపు, అంటే సున్నా. కుడివైపుది ఆకుపచ్చ. రంగుల కార్డు పక్కన పెడితే 2 పీపీఎం దాకా, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాముల దాకా ఉంది.

ఎడమవైపు కిట్ నాది, పాతది. దాన్ని నమ్మి నేను నాలుగు గోల్డ్ ఫిష్‌లని పోగొట్టుకున్నాను. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలట్లేదేమో అనుకుని ఇంకో ఎయిర్ పంపు పెట్టాను. రోజూ అమోనియా చూశాను. రోజూ సున్నానే. అందుకే నీళ్లు మార్చలేదు. స్నేహితుడు కొత్త కిట్ తెచ్చి చూపించేసరికి నాలుగోది కూడా పోయింది. ఈ వీడియో చేయడానికి కారణం అదే.

కిట్ పాతబడితే అంకె అటూ ఇటూ అవుతుందని చాలామంది అనుకుంటారు. అమోనియా కిట్ అలా కాదండీ, సున్నా వైపే జారుతుంది. ఎందుకో చెప్తాను. ఆకుపచ్చ రంగు ఇచ్చే ఈ కిట్లలో ఒక సీసాలో సాలిసిలేట్ ఉంటుంది, రెండోదాంట్లో హైపోక్లోరైట్. హైపోక్లోరైట్ అంటే మనం బట్టలకి వాడే బ్లీచే. ఏడాది నిలవున్న బ్లీచుకి ఘాటు ఎలా తగ్గిపోతుందో మీకు తెలుసు. ఎండలో పెడితే ఇంకా తొందరగా పోతుంది. ఆ బ్లీచు చచ్చిపోతే నీళ్లలో అమోనియా ఎంత ఉన్నా ఆకుపచ్చ పుట్టదు, పసుపు పసుపుగానే ఉండిపోతుంది. అదే మనకి సున్నా లాగా కనిపిస్తుంది. నా కిట్ పడమటి గోడ అలమరలో రెండు వేసవులు గడిపింది, విజయవాడ వేసవులు.

పైగా మన బోరు నీళ్లలో చాలాచోట్ల పీహెచ్ ఎక్కువ, అంటే క్షారగుణం ఎక్కువ. మొత్తం అమోనియాలో చేపని చంపేది ఒక భాగమే. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ భాగం అర శాతం చిల్లర. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే దాదాపు పది రెట్లు. అలాంటి నీళ్లలో తప్పుడు సున్నా ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మరి గడువు తేదీ చూస్తే సరిపోదా? చూడాల్సిందే. కొన్ని సీసాల మీద లాట్ నంబరు మాత్రమే ఉంటుంది. ఏపీఐ అనే అక్వేరియం కిట్ల కంపెనీ సీసాల్లో ఆ నంబరు చివరి నాలుగు అంకెలు తయారైన నెల, సంవత్సరం. 0322 అంటే 2022 మార్చి. కానీ ఆ తేదీ నీడపట్టున, మూత బిగించి ఉంచిన సీసాకి వర్తిస్తుంది. ఎండ తగిలే షాపు అద్దాల అరలో నెలల తరబడి నిలబడిన సీసా సంగతి తేదీ చెప్పదు. మీరు ఒక సీసా మూత ఇంకోదానికి పెడితే జరిగే నష్టమూ చెప్పదు. అందుకే తేదీ కంటే నేను ఎక్కువ నమ్మేది, మనకి ముందే జవాబు తెలిసిన నీళ్లని కిట్‌కి ఇచ్చి చూడటం.

అలాంటి నీళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. తొట్టెలో అమోనియా మారుతూ మారుతూ చివరికి నైట్రేట్ అవుతుంది, దానికీ ఇలాంటి కిట్టే ఉంటుంది. ముందు ఆ నైట్రేట్ కిట్‌తో మొదలుపెడదాం, తర్వాత అమోనియా. ఎరువుల షాపులో 13-0-45 అడగండి, రైతులందరికీ తెలిసిన ప్యాకెట్టే. అది పొటాషియం నైట్రేట్. చిన్న డిజిటల్ కాటా మీద 1.7 గ్రాములు తూచి, ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. బ్యాటరీలో పోసే నీళ్లే. అది దాదాపు 1000 పీపీఎం ద్రావణం. సూది తీసేసిన సిరంజితో అందులోంచి 20 మిల్లీలీటర్లు తీసుకుని, డిస్టిల్డ్ వాటర్ కలిపి మొత్తం లీటరు చేస్తే 20 పీపీఎం. కిట్ ఆ చుట్టుపక్కల చూపించాలి. కలపని ఉత్త డిస్టిల్డ్ వాటర్‌కి సున్నా చూపించాలి. ఈ రెండూ చేస్తేనే పరీక్ష పూర్తయినట్టు.

20 బదులు 5 చూపించిందా? కిట్‌ని అప్పుడే పారేయకండి. ముందు రెండో నంబరు సీసా చూడండి. చాలా నైట్రేట్ కిట్లలో అందులో జింకు పొడి ఉంటుంది. నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చేది ఆ జింకే. రంగు నైట్రైట్ వల్లే వస్తుంది. కదపకుండా ఉంచితే పొడి అడుగున గట్టిపడుతుంది. మనం పైపైన ఊపి చుక్కలు వేస్తే ఉత్త ద్రవమే పడుతుంది. సీసా అడుగుని బల్ల మీద నాలుగుసార్లు తట్టి, అర నిమిషం గట్టిగా ఊపండి. చుక్కలు వేశాక గొట్టాన్ని ఒక నిమిషం నిండా ఊపండి. గడియారం చూసే ఊపండి, అందాజాగా వద్దు. 5 నిమిషాలు ఆగి, పగటి వెలుతురులో తెల్ల కాగితం ముందు రంగు చూడండి. మూత పెట్టే ఊపాలి, వేలు అడ్డం పెట్టకండి. అందులో ఆమ్లం ఉంటుంది.

ఇంకో మాట. కొన్ని కిట్లు నైట్రేట్‌ని కాకుండా అందులోని నైట్రోజన్‌ని లెక్కిస్తాయి. ఆ అంకెని 4.4తో గుణిస్తేనే మనం మాట్లాడుకునే నైట్రేట్ అవుతుంది. కాగితం మీద ఏది రాసుందో చదవండి.

అమోనియా కిట్‌కి నవాసారం, అంటే అమోనియం క్లోరైడ్, వాడండి, గిన్నెలకి కళాయి పూసేవాళ్లు వాడేది. 3 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, అందులోంచి 2 మిల్లీలీటర్లు ఇంకో లీటరులో కలిపితే సుమారు 2 పీపీఎం. బజారు సరుకు స్వచ్ఛత మారుతుంది కాబట్టి అంకె కచ్చితంగా రాకపోవచ్చు. కానీ ఆకుపచ్చ రావాలి. పసుపుగానే ఉంటే ఆ కిట్ ఇక వాడకండి.

నీళ్లలో ముంచి రంగు చూసే పరీక్ష స్ట్రిప్పుల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన కోస్తా తేమలో డబ్బా ఒకసారి తెరిచాక వాటి మీద నాకు నమ్మకం లేదు. తడి చేత్తో ఒక్కటి తీసినా మిగతావాటికి చెమ్మ తగులుతుంది.

భీమవరం, కైకలూరు వైపు ఉన్నవాళ్లకి ఇంకో వసతి ఉంది. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులు ఉన్నాయి కదా, అక్కడ అమోనియా, పీహెచ్ చూస్తారు. సీసా అంచుదాకా నింపి, అదే రోజు పట్టుకెళ్లండి. అవే నీళ్లు ఇంట్లో మీ కిట్‌తోనూ చూసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి.

నా కొత్త కిట్ మూత మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాశాను. ఇప్పుడు అది హాల్లో, నేలకి దగ్గరగా ఉన్న చీకటి అరలో ఉంది. పిల్లల చేతికి అందకుండా ఆ అరకి గొళ్లెం పెట్టాను. ప్రతి మూడు నెలలకీ 20 పీపీఎం నీళ్లు, నవాసారం నీళ్లు కొత్తగా కలిపి పరీక్షిస్తున్నాను. మీరు ఈ పరీక్ష చేస్తే, మీ కిట్ ఎంత చూపించిందో, అది ఎప్పుడు తయారైందో కింద రాయండి.