హెడ్‌లైట్ బల్బుకి చేయి పట్టట్లేదా? తిట్టాల్సింది కంపెనీని కాదు, 2006 బడ్జెట్‌ని!

నమస్తే బాసూ! ముందు ఈ చేయి చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఈ మూడు వేళ్ల కణుపులు, ఈ మణికట్టు మీద గీరుకుపోయిన చారలు. పిల్లి రక్కింది కాదు, బైక్ మీద నుంచి పడిందీ కాదు. కారుకి హెడ్‌లైట్ బల్బు మార్చబోయా, అంతే!

పోయిన వీడియోలో నేనే పెద్ద మగాడిలా చెప్పాను కదా, బల్బు మార్చడానికి మెకానిక్ ఎందుకండీ, పది నిమిషాల పని అని. సగం మంది "నీ కారుకి మార్చి చూపించు అన్నా" అన్నారు. మిగతా సగం "ఇదంతా కంపెనీల కుట్ర, మనల్ని షోరూమ్‌కి రప్పించుకోడానికే అలా దాచిపెడతారు" అన్నారు. మొదటి బ్యాచ్‌కి సమాధానం ఈ చేయి. రెండో బ్యాచ్‌కి మాత్రం ఒకటి చెప్తా, తిట్టుకోండి పర్లేదు. నా చేయి గీరుకోడానికి కారణం 2006 బడ్జెట్. అవును, ఢిల్లీలో పెట్టిన బడ్జెట్టే!

ముందు జరిగింది వినండి. ఆదివారం పొద్దున పదకొండింటికి, పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్. బెజవాడ ఉక్కపోత సంగతి మీకు చెప్పాలా, ఏ పనీ చేయకుండా నిలబడినా చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. బానెట్ ఎత్తా. ఎడమవైపు హెడ్‌లైట్ వెనకాలే బ్యాటరీ కూర్చుంది. రెంటికీ మధ్య సందు ఎంతంటే అరచేయి అడ్డంగా పట్టదు, నిలువుగా దూరుస్తే మణికట్టు దగ్గర ఆగిపోతుంది. బల్బుకి కరెంటు ఇచ్చే ఆ మూడు కాళ్ల కప్లర్, అదే వైరు ప్లగ్గు, ఎలాగో పీకా. తర్వాత రబ్బరు టోపీ, అదీ వచ్చింది. దాని లోపల ఒక తీగ క్లిప్ ఉంటుంది చూడండి, దాన్ని నొక్కి పట్టుకుని పక్కకి జరపాలి. కంటికి కనపడదు. ఫోన్ కెమెరా పెట్టి చూద్దామంటే చేయికి చోటు లేదు, చేయి పెడితే ఫోన్‌కి చోటు లేదు!

అరగంటయ్యాక మూడో అంతస్తు అంకుల్ వచ్చి, "ఏం బాబూ, బండి ఆగిపోయిందా?" అన్నారు. లేదండీ, బల్బు మారుస్తున్నా అన్నా. "బల్బుకా ఇంతసేపు?" అని వెళ్లిపోయారు. ఆ మాటకి తగిలిన దెబ్బ ముందు ఈ గీరుళ్లు ఎంత! ఆ కోపంలో బ్యాటరీయే పీకేద్దామని పది నంబర్ సాకెట్, అదే బోల్టు విప్పే గొట్టం పానా, తీస్తే అదీ జారింది. జారింది సరే, నేలమీద పడ్డ చప్పుడు రాలేదు బాసూ. ఇలాంటి పని చేసినవాళ్లకి తెలుస్తుంది, ఆ చప్పుడు రాకపోతే ఎంత టెన్షనో.

ఇప్పుడు నా థియరీ. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజ్ సుంకం, అంటే కారు తయారీ మీద వేసే పన్ను, 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే ఏంటి? పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. అంతే, అందరూ టేపు పట్టుకుని కూర్చున్నారు. మీ కారు మాన్యువల్ తీసి పొడవు చూడండి. 3,995 మిల్లీమీటర్లు! చాలా కార్లకి అదే నంబర్. ఎక్కువ పన్ను పడకుండా 5 మిల్లీమీటర్లు వదిలారు, నా చిటికెన వేలి గోట్లో సగం.

మరి ఆ 4 మీటర్లలో జనం కాళ్లు చాపుకోవాలి, వెనక సూట్‌కేసులు పట్టాలి, ముందు ఏసీ కంప్రెసర్, బ్రేకులు పట్టేయకుండా చూసే ఏబీఎస్ డబ్బా, 2020 ఏప్రిల్ నుంచి పొగ తగ్గించే రూలు కోసం బీఎస్ 6 సామాను, అన్నీ ఇరకాలి. ఎవరి చోటు పోతుంది? మీ చేయి చోటు పోతుంది. కస్టమర్ షోరూమ్‌లో వెనక సీట్లో కూర్చుని మోకాళ్లు చూసుకుంటాడు గానీ, బానెట్ ఎత్తి బల్బు వెనకాల చేయి పెట్టి చూసే మనిషిని మీరెప్పుడైనా చూశారా?

మా నాన్న అంబాసిడర్ బానెట్ ఎత్తితే, చిన్నప్పుడు నన్ను లోపల కూర్చోబెట్టొచ్చేమో అనిపించేది. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాన్ బెల్టు అన్నీ ఎదురుగా, ఇంజను పక్కన కింద నేల కనపడేది. ఆ బండి పొడవెంత? సుమారు 4.3 మీటర్లు! ఇంకేం కావాలి సాక్ష్యం?

కుట్ర బ్యాచ్, మీ కోపం నాకు తెలుసు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్, అదే వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే సంస్థ, 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేసింది, బయటి మెకానిక్‌లకి స్పేర్ పార్టులు అందకుండా చేస్తున్నారని. కానీ అది పార్టులు అమ్మే గొడవ. నాది సందు గొడవ. విదేశాల్లో 4 మీటర్ల రూల్ లేకపోయినా బంపర్ విప్పితే గానీ బల్బు రాని కార్లున్నాయి కదా అంటారా, ఉన్నాయి, ఉంటే ఉండనీయండి. నా చేయి గీరుకుంది పటమటలో!

పైగా ఇది తగ్గేది కూడా కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కారుకి జీఎస్టీ 18 శాతం, కొలత దాటితే 40. ఇరవై రెండు శాతం తేడా పెట్టుకుని ఏ కంపెనీ వాడు మన వేళ్ల కోసం కారుని జానెడు పొడుగు చేస్తాడు?

చివరికి ఆటోనగరే దిక్కయింది. అక్కడ కుర్రాడు బానెట్‌లోకి ఒక్కసారి తొంగి చూసి, "బ్యాటరీ తీయకుండా చేయి ఎలా పెట్టావన్నా?" అన్నాడు. ముందు నెగటివ్ టెర్మినల్, తర్వాత పాజిటివ్, తర్వాత బ్యాటరీని పట్టుకునే క్లాంపు, అన్నిటికీ అదే పది నంబర్. కొత్త బల్బుని గాజుకి వేలు తగలకుండా ఇనుప రింగు దగ్గర పట్టుకుని, చూడకుండానే క్లిప్ బిగించాడు. ఎనిమిది నిమిషాలు. వంద రూపాయలు ఇచ్చా. తమ్ముడూ, నా సాకెట్ ఒకటి లోపల పడింది అంటే కిందకి వంగి చూసి, "ప్లాస్టిక్ ట్రేలో ఉందన్నా, తీయాలంటే బంపర్ కింద క్లిప్పులన్నీ ఊడదీయాలి, తీయమంటావా?" అన్నాడు.

వద్దన్నా. ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర బ్రేక్ వేసినప్పుడల్లా ముందు నుంచి టక్ మంటోంది. ఫోన్లో రికార్డు చేశా, ఉండండి, వినిపిస్తా.