మాస్టార్ల ఓనమాలు

శ్రోతలకు నమస్కారం.

కొత్త బూట్లు కొన్న పంతులుగారు వాటిని కాళ్లకు తొడుక్కోకుండా, అట్టపెట్టెను నెత్తికి తగిలించుకుని తరగతికి వచ్చారనుకోండి. పిల్లలు ఊరుకుంటారా? సెకండ్ లైఫ్ అనే కంప్యూటర్ ప్రపంచంలో ఒకప్పుడు ఇది మామూలు దృశ్యం. శాన్ ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో తెరిచిన ప్రపంచమది. అందులో మనకొక బొమ్మ ఉంటుంది. దాన్ని అవతార్ అంటారు. మీటలు నొక్కితే నడుస్తుంది, కూర్చుంటుంది, ఎగురుతుంది కూడా. అక్కడి దుకాణాల్లో కొన్న సరుకు చాలాసార్లు పెట్టెలో వస్తుంది. ఆ పెట్టెను నేలమీద పెట్టి విప్పుకోవాలి. సంగతి తెలియనివాళ్లు తొందరపడి 'ధరించు' అన్నచోట నొక్కేవారు. పెట్టె కాస్తా ఒంటికి అతుక్కునేది. ఈ తిప్పలు కుర్రవాడికీ ప్రొఫెసరుకీ ఒకటే.

ఆ తిప్పలు కోరి మరీ పడినవాళ్లలో భాషలు నేర్పే టీచర్లు చాలామంది ఉన్నారు. గణితం మాస్టారికి నల్లబల్ల చాలు. సైన్సు టీచరుకు ప్రయోగశాల ఉంది. ఇంగ్లీషో స్పానిషో నేర్పేవాళ్లు మాత్రం అక్కడికి ఎందుకు వెళ్లారు?

చిన్న లెక్క చూద్దాం. తరగతిలో 45 మంది పిల్లలు, పీరియడ్ 45 నిమిషాలు. మాస్టారు అసలు నోరు విప్పకుండా కూర్చున్నా ఒక్కొక్క పిల్లవాడికి దక్కేది ఒక్క నిమిషం. హాజరు తీసుకోవడం, బల్ల తుడవడం, వెనక బెంచీ గొడవ సర్దడం పోను మిగిలేది సెకన్లే. భాష మాట్లాడితేనే వస్తుందని అందరమూ అంటాం, మాట్లాడే అవకాశం మాత్రం పిల్లలకు ఇవ్వలేం. పైగా ఇచ్చినా ఎవరితో మాట్లాడాలి? హైదరాబాదులోనో రాజమండ్రిలోనో ఫ్రెంచి నేర్చుకునే అమ్మాయికి వీధిలో ఫ్రెంచి మాట్లాడేవాళ్లు దొరకరు. పక్క బెంచీ స్నేహితురాలితో ఫ్రెంచిలో మాట్లాడమంటే, తెలుగులో హాయిగా మాట్లాడుకోగలిగిన ఇద్దరూ నవ్వి ఊరుకుంటారు. ఈ కొరత తీర్చే దారి కంప్యూటర్లో దొరుకుతుందేమోనని భాషా ఉపాధ్యాయులు చాలా ముందుగానే వెతికారు.

ఎంత ముందుగా అంటే, కంప్యూటర్ తెరమీద బొమ్మలు సరిగా కదలని రోజుల్లో. 1994లో న్యూయార్క్‌లోని హంటర్ కాలేజీ నుంచి ష్మూజ్ యూనివర్సిటీ అనే చోటు మొదలైంది. పేరుకు యూనివర్సిటీ, అందులో ఉన్నదంతా అక్షరాలే. ఒక గదిలోకి వెళితే ఆ గది ఎలా ఉంటుందో నాలుగు వాక్యాలు తెరమీద కనిపించేవి. ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే టైపు చేయాలి. ఇంగ్లీషు నేర్చుకునే వేరువేరు దేశాల విద్యార్థులు అక్కడ కలుసుకునేవారు. హాస్టల్లో తమకొక గది కట్టుకోవచ్చు. కట్టడమంటే ఆ గదిని మాటల్లో వర్ణించడమే. కిటికీ కావాలంటే కిటికీ గురించి ఒక వాక్యం రాయాలి. వ్యాసరచనకు ఇంతకంటే మంచి నెపం నాకు తోచదు. 'నా గది' అని వ్యాసం రాయమంటే ఏడుపుమొహం పెట్టే పిల్లవాడు, రాస్తేనే గది దక్కుతుందంటే రెండు పేజీలు రాస్తాడు.

1997లో ఎస్.ఆర్.ఐ. ఇంటర్నేషనల్ అనే అమెరికా పరిశోధన సంస్థ ట్యాప్‌డ్ ఇన్ అనే మరో చోటు తెరిచింది. అది ప్రత్యేకంగా ఉపాధ్యాయుల కోసం. ఆ తరువాత వెబ్‌హెడ్స్ అనే భాషా ఉపాధ్యాయుల గుంపు అక్కడ వారం వారం చేరడం మొదలుపెట్టింది. అప్పట్లో అబుదాబిలో ఉండిన వాన్స్ స్టీవెన్స్ దానికి పెద్దదిక్కు. ఆదివారం గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు, అంటే మనకు సాయంత్రం అయిదున్నరకు, తలా ఒక దేశం నుంచి వచ్చి కూర్చునేవారు. ఎవరూ ఎవరికీ జీతం ఇవ్వలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఈ వారం నేనొక కొత్త పరికరం చూశాను, రండి, అందరం కలిసి పాడుచేద్దాం అన్నట్టుండేది వ్యవహారం. 2001లో టెసోల్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుల అంతర్జాతీయ సంఘం ఆధ్వర్యంలో మొదలై, ఎలక్ట్రానిక్ విలేజ్ ఆన్‌లైన్ పేరిట ఇలాంటిదే మరికాస్త క్రమపద్ధతిలో నడుస్తోంది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో అయిదు వారాలు. రుసుము లేదు. నడిపేవాళ్లు స్వచ్ఛందంగా నడుపుతారు, ముందుగా తామూ శిక్షణ తీసుకుంటారు. పాఠం చెప్పబోయేవాళ్లకు ముందు పాఠం ఉండాలన్న ఇంగితం నాకు చాలా నచ్చింది.

ఇక సెకండ్ లైఫ్ దగ్గరికి వస్తే, దానికి గొంతు వచ్చింది 2007లో. అంతవరకు టైపు చేసుకున్నవాళ్లు మైకు పెట్టుకుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అక్కడి శబ్దానికి దూరం ఉంది. దగ్గరున్న అవతార్ మాట గట్టిగా వినిపిస్తుంది, దూరం జరిగితే సన్నబడుతుంది. టైపు చేసిన మాట 20 మీటర్ల వరకే చేరుతుంది, అరిస్తే 100 మీటర్లు. దీన్ని టీచర్లు చక్కగా వాడుకున్నారు. పిల్లల్ని జంటలుగా విడదీసి తోటలో తలోమూలకు పంపితే ఒకరి గోల ఒకరికి వినిపించదు. మాస్టారు మాత్రం తన అవతార్‌ను నడిపించుకుంటూ ఒక్కొక్క జంట దగ్గర ఆగి చెవి ఒగ్గి వింటారు. విద్యార్థి టైపు చేస్తుంటే అతని అవతార్ చేతులు గాలిలో కదులుతాయి. అంటే జవాబు వస్తోంది, తొందరపెట్టకు అని టీచరుకు తెలుస్తుంది. కొద్ది నిమిషాలు మీట ముట్టకపోతే అవతార్ తల వాల్చేస్తుంది. వెనక బెంచీలో కునుకు తీసేవాడిని పట్టుకోవడం అక్కడా సులువే.

2007లోనే అక్కడి ఎడ్యునేషన్ అనే దీవిలో, అంటే అద్దెకు తీసుకున్న జాగాలో, ఎస్‌లాంగ్వేజెస్ పేరిట భాషా ఉపాధ్యాయుల సదస్సు మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన గావిన్ డ్యూడెనీ ఉపాధ్యాయ శిక్షకుడు. జర్మన్ నేర్పే గ్యోతే ఇన్‌స్టిట్యూట్, స్పానిష్ నేర్పే సెర్వాంతెస్ సంస్థ కూడా అక్కడ సొంత చోట్లు ఏర్పాటు చేసుకున్నాయి. యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చి అవలాన్ అనే ప్రాజెక్టు నడిపించింది. అందులో పని ఏమిటంటే, ఈ ప్రపంచంలో పాఠం ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పడం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం నడిపిన నిఫ్లార్ అనే మరో ప్రాజెక్టులో ఇంకో తమాషా ఉంది. స్పెయిన్‌లో టీచరు శిక్షణ పొందుతున్నవాళ్లను, నెదర్లాండ్స్‌లో స్పానిష్ నేర్చుకుంటున్న విద్యార్థులతో జతపరిచారు. ఒకరికి మాట్లాడే మనిషి దొరికాడు, మరొకరికి పాఠం చెప్పడానికి శిష్యుడు దొరికాడు. ఇద్దరి అవసరమూ ఒక్క సంభాషణలో తీరింది.

ఈ శిక్షణల్లో టీచర్లకు మొదట బోధపడింది తమ పాత అలవాటే. మొదటిసారి వెళ్లినవాళ్లు చాలామంది అక్కడ ఏం కట్టారో తెలుసా? తరగతి గది. వరసగా కుర్చీలు, ఎదురుగా తెర, తెరమీద స్లైడ్లు. ఎగరగలిగే ప్రపంచంలో కూడా విద్యార్థిని బెంచీ మీదే కూర్చోబెట్టారు! ఇది గమనించాక తెలివైనవాళ్లు కుర్చీలు తీసేశారు. ఒక్క క్లిక్కుతో హోటలుగా, మరో క్లిక్కుతో రైల్వే స్టేషనుగా మారిపోయే గదులు వచ్చాయి. వాటిలో పాఠం కంటే పని ముఖ్యం. ఒకరికి తెలిసిన సంగతి మరొకరికి తెలియకుండా పని అప్పగించాలి. నువ్వు చూస్తున్న ఇల్లు నాకు కనిపించదు, అక్కడికి దారి చెప్పు. వంతెన దాటాక ఎటు తిరగాలి? చెట్టు వెనకా, ముందా? దారి తప్పు చెబితే అవతలివాడు నిజంగానే చెరువులో పడతాడు. వెనక, ముందు, పక్కన, పైన అన్న మాటలు బట్టీ పట్టాల్సిన అవసరమే లేకుండా నాలుకకు పట్టేస్తాయి.

నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది మాత్రం టీచరు ఇబ్బంది. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి అక్కడ అడుగుపెట్టగానే గోడకు కొట్టుకుంటారు. కూర్చోవడం చేతకాదు. మైకు పనిచేయడం లేదని అందరికీ తెలుసు, తనకు తప్ప. అడగాలనుకున్న ప్రశ్నకు పదాలు దొరకవు, దొరికేసరికి గుంపు మరో దీవికి వెళ్లిపోతుంది. కొత్త భాష తరగతిలో కూర్చున్న పిల్లవాడికి రోజూ జరిగేది సరిగ్గా ఇదే. చెప్పాల్సింది తెలుసు, చెప్పే సాధనం చేతిలో లేదు. చూసేవాళ్లు తెలివితక్కువవాడు అనుకుంటున్నారన్న అవమానం ఒకటి పైన. తోటి టీచరు వచ్చి, 'కంగారుపడకండి, ముందు ఈ మీట నొక్కండి' అన్నప్పుడు కలిగే ఊరట ఏమిటో ఆ మాస్టారు మరిచిపోయి ఎన్నాళ్లయిందో! ఉపాధ్యాయ శిక్షణలో 'విద్యార్థి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి' అని చెబుతారు. ఊహ అక్కర్లేకుండా గంటసేపు ఆ స్థానంలో నిలబెట్టే శిక్షణ చవకగా దొరికితే ఎందుకు వదులుకోవాలి?

చవక అన్నాను కాని, అంత చవకేమీ కాదు. సెకండ్ లైఫ్‌లో ఒక సొంత దీవికి అప్పట్లో నెలకు 295 డాలర్లు కట్టాల్సి వచ్చేది. విద్యాసంస్థలకు అందులో సగం తగ్గింపు ఉండేది. 2010 అక్టోబరులో ఆ తగ్గింపును ఎత్తేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. కాలేజీల బడ్జెట్లు అప్పటికే ఖరారైపోయాయి. చాలామంది మూటాముల్లె సర్దుకుని, ఎవరికి వారు సొంత సర్వర్లో నడుపుకోగలిగే ఓపెన్‌సిమ్యులేటర్‌కు వెళ్లిపోయారు. 2013లో తగ్గింపు మళ్లీ ఇచ్చినా వెళ్లినవాళ్లు అంతగా తిరిగి రాలేదు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం ఉన్న ప్రత్యేక విభాగాన్ని కూడా ఆ రోజుల్లోనే మూసేశారు. ట్యాప్‌డ్ ఇన్ 2013లో తలుపులు వేసింది. తరువాత వచ్చిన ఇలాంటి ప్రపంచాల్లో ఆల్ట్‌స్పేస్ 2023లో, మొజిల్లా హబ్స్ 2024లో ఆగిపోయాయి. అద్దెకొంపలో మామిడి మొక్క నాటడం లాంటిదే ఈ వ్యవహారమంతా. అయినా వెబ్‌హెడ్స్ వంటి గుంపులు చెదరలేదు. ట్యాప్‌డ్ ఇన్ పోతే మరోచోట, అదీ పోతే మైన్‌క్రాఫ్ట్‌లో చేరాయి. పిల్లలు ఆడుకునే ఆ ఆటలో టీచర్లు ఇటుకలు పేర్చుకుంటూ మాట్లాడుకోవడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. ఉండనీయండి.

మన దగ్గరి సంగతి. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది. శని, ఆదివారాల్లో పిల్లలకు తెలుగు చెప్పేది స్వచ్ఛంద ఉపాధ్యాయులు. వాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు కొదవలేదు. వాళ్ల సమస్య తలకిందులు. కంప్యూటర్ వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య, పాఠం చెప్పడమే కొత్త. ఇంట్లో ఇంగ్లీషులో బదులిచ్చే ఎనిమిదేళ్ల పిల్లతో తెలుగు వాక్యం పలికించడం ఏ ప్రోగ్రాం రాయడం కన్నా కష్టమే. ఇక్కడి మన భాషా పండితులకు పాఠం కరతలామలకం, పరికరమే బెరుకు. వీళ్లనూ వాళ్లనూ వారానికొక గంట ఒక తెరమీద కలిపితే ఎవరికి ఎవరు గురువో తేల్చడం కష్టం. నాకు ఇది చాలాకాలంగా ఉన్న కోరిక.

2020లో కరోనా కాలంలో మన టీచర్లు అందరూ ఒక్కసారిగా నీళ్లలో పడ్డారు. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరితో పాటు ఆకాశవాణిలోనూ పాఠాలు వినిపించాయి. వినడానికి, చూడడానికి అవి పనికొచ్చాయి. భాషా తరగతికి కావలసిన రెండో సగం, అంటే పిల్లల గొంతు, మాత్రం తిరుగుదారి పట్టలేదు. ఆ తిరుగుదారి చూపించింది వాట్సాప్‌లోని వాయిస్ మెసేజ్. ఖర్చు లేదు, గొప్ప కంప్యూటర్ అక్కర్లేదు, ఇంట్లో ఒక్క ఫోనుంటే చాలు. అమ్మమ్మను అడిగి ఊరగాయ పెట్టే పద్ధతి రెండు నిమిషాల్లో చెప్పి పంపమంటే, తరగతిలో నోరు మెదపని పిల్ల కూడా చెబుతుంది. నచ్చకపోతే చెరిపేసి మళ్లీ చెబుతుంది, ఎవరూ నవ్వరు. అవతార్ ముసుగు ఇచ్చే ధైర్యమే ఇది కూడా ఇస్తుంది. వాయిస్ మెసేజ్‌ను చిన్నచూపు చూడకండని టీచర్లకు నా మనవి. 45 మందివి వినాలంటే మాస్టారికి ఎంత సమయం పడుతుందో నాకు తెలుసు. వారానికి పదిమందివి విన్నా మేలే.

ఇప్పుడు మనిషిలా మాట్లాడే యంత్రాలు కూడా వచ్చాయి. విసుక్కోకుండా ఎంతసేపైనా ఇంగ్లీషులోనో తెలుగులోనో మాటకు మాట చెబుతాయి. అభ్యాసానికి వాడుకోవచ్చు, అభ్యంతరం లేదు. కాని పిల్ల దారి తప్పు చెబితే చెరువులో పడేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

చివరిగా ఒక ఫిర్యాదు, ఒక సూచన. మన తెలుగు టీచర్లకు ఫోన్లలో గ్రూపులకు లోటు లేదు. జిల్లాకొకటి, మండలానికొకటి, సంఘానికొకటి ఉంటాయి. వాటిని తెరిచి చూస్తే ఉత్తర్వులు, హాజరు ఫొటోలు, బదిలీల వార్తలు, పండుగ శుభాకాంక్షలు. పాఠం గురించి మాట వెతికినా దొరకదు. ఎలక్ట్రానిక్ విలేజ్ లాంటిది ఇంగ్లీషు తెలిసినవాళ్లకు ఉంది, తెలుగులో కావాలి. నలుగురు చాలు. ఆదివారం సాయంత్రం ఒక గంట, ఒక వీడియో కాల్. ఒక్కొక్కరూ ఆ వారం తరగతిలో చేసి చూసిన ఒక్క పనిని మిగతావాళ్ల చేత చేయించాలి, ఊరికే చెప్పకూడదు. ఆ గ్రూపులో ఉత్తర్వులు, శుభాకాంక్షలు పెట్టినవాళ్లను తీసేయాలి. ఈ రెండో నియమం దగ్గర కొంత గొడవ వస్తుంది, పడండి.

సెలవు. నమస్కారం.