ఎవరి త్యాగయ్య? సినిమా పక్కన పెట్టుకునే చిన్న ఫైలు

నేను: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా చిన్నాయన ఇంట్లో రికార్డు చేస్తున్నాం. హాల్లో టీవీ వెనకాల ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, దాంట్లో జెల్లీఫిన్ నడుస్తోంది, అంటే మన దగ్గరున్న వీడియోలను ఇంట్లో టీవీకి అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్. ఇన్నేళ్ళుగా కొన్న వీసీడీలు, డీవీడీలు, ఇంట్లో క్యాసెట్లు అన్నీ అందులోకి ఎక్కించాడు. ఈరోజు ఒకటే విషయం మాట్లాడుకుందాం. ఇది ఏ సినిమానో సర్వర్‌కి మనమే ఎట్లా చెప్పాలి? చిన్నాయనా, మొదలుపెడదామా?

చిన్నాయన: కానీ పాపా.

నేను: వినేవాళ్ళకు ముందు వచ్చే అనుమానం నేనే అడుగుతా. జెల్లీఫిన్ తనంతట తనే పోస్టరు, కథ, నటీనటులు అన్నీ తెచ్చుకుంటుంది కదా. మళ్ళీ మనం చెప్పేదేముంది?

చిన్నాయన: నిన్నమొన్నటి సినిమాలకైతే ఏమీ అక్కర్లేదు, అదే తెచ్చుకుంటాది. కానీ అది చేసే పని ఏందో చూడు. ఫోల్డరు పేరు చదువుతాది, ఆ పేరు తీసుకపోయి నెట్‌లో టీఎండీబీ అనే సినిమాల డేటాబేసులో వెతుకుతాది, ఇదే అనిపించిందాన్ని తెచ్చి తగిలిస్తాది. అంతే. వీడియో తెరిచి, మొహాలు చూసి గుర్తుపట్టేది లేదు దానికి. ఇప్పుడు మన చిత్తూరు నాగయ్య సినిమాలు తీసుకో. భక్త పోతన 1940ల మొదట్లో వచ్చింది, కె.వి.రెడ్డి తీసినాడు. అదే పేరుతో 1966లో గుమ్మడి పోతనగా ఇంకోటి వచ్చింది. త్యాగయ్య 1946, నాగయ్యే నటించి, ఆయనే డైరెక్షన్ చేసినాడు. మళ్ళీ 1981లో బాపు తీసినాడు, సోమయాజులు వేసినాడు. యోగి వేమన 1947, మళ్ళీ తరువాత విజయచందర్‌తో వేమన మీద ఇంకోటి. మూడు పెద్ద సినిమాలు, మూడిటికీ జోడీలు ఉండాయి.

నేను: అంటే త్యాగయ్య అని ఒట్టి పేరు పెడితే...

చిన్నాయన: ఏది తెస్తాదో చెప్పలేం. సోమయాజులు పోస్టరు వచ్చి నాగయ్య సినిమా మీద కూర్చుంటాది. పోస్టరు ఒకటే అయితే పోనీలే అనుకోవచ్చు. నటీనటుల జాబితా కూడా మారిపోతాది కదా. నాగయ్య పేరు నొక్కితే ఆయన సినిమాలన్నీ వరసగా రావాల. అందులో త్యాగయ్య కనపడదు. నాగయ్య పేజీలో త్యాగయ్య లేకపోతే ఇంక ఆ పేజీ ఎందుకు? ఆయన పుట్టింది రేపల్లె, కానీ ఈడ రామవిలాస సభ నాటకాలతో పేరొచ్చి మన ఊరి పేరే ఇంటిపేరు మాదిరి అయిపోయింది. చిత్తూరోళ్ళ ఇంట్లో సర్వర్లో ఆయన సినిమా వేరే వాళ్ళ పేరు మీద ఉంటే నాకు మనసొప్పదు.

నేను: మరి దీనికి మందేంది?

చిన్నాయన: అన్నిటికన్నా ముందు సంవత్సరం. ఫోల్డరు పేరు త్యాగయ్య అని రాసి, పక్కన మామూలు బ్రాకెట్లో 1946 అని పెట్టు. పెండ్లిలో ఎవరన్నా ఎదురైతే ఒట్టి పేరు చెప్పకుండా ఫలానా వాళ్ళ కొడుకుని అని చెప్పుకుంటాం చూడు, అట్లా. సగం గొడవ దాంతోనే తీరిపోతాది. మిగిలిన సగానికి నంబరు కావాల.

నేను: ఏ నంబరు?

చిన్నాయన: టీఎండీబీలో ప్రతి సినిమాకూ ఒక నంబరు ఉంటాది. బ్రౌజర్లో ఆ సినిమా పేజీ తెరిస్తే పైన అడ్రసులో మూవీ అనే మాట తరువాత వచ్చే అంకెలే అవి. ఐఎండీబీ అని అట్లాంటిదే ఇంకో సైటు, దాంట్లో అయితే రెండు టీలతో మొదలవుతాది, వాటి వెనక అంకెలు. జెల్లీఫిన్‌కి ఫోల్డరు పేరులోనే చతురస్రపు బ్రాకెట్లో టీఎండీబీ ఐడీ, ఒక అడ్డగీత, ఆ నంబరు రాయొచ్చు. జెల్లీఫిన్ లాంటిదే ప్లెక్స్ అని ఉంది, అది వాడేవాళ్ళు ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టాల, లోపల రాసేది కూడా కొంచెం వేరే. నంబరు ఉందంటే ఇంక అది పేరుతో వెతకదు, నేరుగా ఆ పేజీకే పోతాది.

నేను: ఇదంతా ఫోల్డరు పేరు సంగతి. సినిమా వివరాలు రాసి వీడియో పక్కన పెట్టే ఎన్‌ఎఫ్‌ఓ ఫైలు కథలోకి ఇప్పుడు వద్దాం.

చిన్నాయన: అది ఒట్టి టెక్స్టు ఫైలు, నోట్‌ప్యాడ్‌లో రాసుకునేదే. చివర ఎక్స్‌టెన్షన్ మాత్రం ఎన్‌ఎఫ్‌ఓ అని ఉండాల. వీడియో ఫైలు పేరే దీనికీ పెట్టాల, లేకుంటే మూవీ డాట్ ఎన్‌ఎఫ్‌ఓ అని పెట్టి అదే ఫోల్డర్లో ఉంచినా సరిపోతాది. దీన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి సోమరి పద్ధతి, ఆ సినిమా టీఎండీబీ పేజీ అడ్రసు ఒక్క లైను అతికించి సేవ్ చేసేయడమే. కోడి అనే వీడియో ప్లేయరు, జెల్లీఫిన్ రెండూ అందులో నుంచి నంబరు ఏరుకుంటాయి, మిగతాది నెట్ నుంచి తెచ్చుకుంటాయి. రెండోది మొత్తం మనమే రాయడం. నాకు అదే ఇష్టం.

నేను: నీ త్యాగయ్య ఫైలు తెరువు, వినేవాళ్ళకు చదివి వినిపిద్దాం.

చిన్నాయన: ఇదో చూడు. మొదటి లైను ఇది ఎక్స్‌ఎంఎల్, అంటే ట్యాగుల మధ్య వివరాలు రాసే పద్ధతి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8, అంటే తెలుగు అక్షరాలు కూడా పట్టేది అని చెప్తాది. తరువాత మూవీ అనే ట్యాగు తెరుచుకుంటాది, మిగతా అంతా దాని కడుపులోనే. టైటిల్ ట్యాగులో తెలుగు లిపిలో త్యాగయ్య. ఇయర్‌లో 1946. డైరెక్టర్‌లో నాగయ్య. ప్లాట్ అనే దాంట్లో కథ నా మాటల్లో నాలుగు వాక్యాలు. యాక్టర్ ట్యాగు ఒక్కొక్కరికీ ఒకటి, లోపల నేమ్, రోల్. యూనిక్ ఐడీ అని ఒకటి, టైపు టీఎండీబీ, దాంట్లో నంబరు. చివర మూవీ ట్యాగు మూస్తాం.

నేను: సార్ట్ టైటిల్ అని ఇంకొకటి కూడా ఉంది ఇక్కడ.

చిన్నాయన: అవును, అది శానా అక్కరకొస్తాది. తెలుగులో పేర్లు పెడితే ఇంగ్లీషు పేర్లన్నీ అయిపోయినాక తెలుగువి వరసలోకి వస్తాయి. అంతా కలిసి ఒకే అకారాది క్రమంలో ఉండాలనుకుంటే సార్ట్ టైటిల్లో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోవాల. తెర మీద మాత్రం తెలుగే కనపడతాది. మీ నాయనమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు కదా, ఆమె రిమోట్ పట్టుకుని తనంతట తానే సినిమా వెతుక్కుంటుందంటే ఈ టైటిల్ లైను వల్లే.

నేను: తెలుగు డబ్బాలుగా, ప్రశ్నార్థకాలుగా కనపడతోందని కొందరు అంటుంటారు.

చిన్నాయన: సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్ 8 ఎంచుకోకపోతే అట్లా అవుతాది. ఇంకో రెండు మూడు సంగతులుండాయి. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లు చూపించదు. మనం మూవీ డాట్ ఎన్‌ఎఫ్‌ఓ అనుకుని పెడితే నోట్‌ప్యాడ్ దాని వెనక డాట్ టీఎక్స్‌టీ తగిలించి పెడతాది, సర్వరు దాని మొహం కూడా చూడదు. ఫోల్డరు వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్కు పెట్టుకుంటే కనపడతాది. మళ్ళీ ఎన్‌ఎఫ్‌ఓ మీద రెండుసార్లు నొక్కితే విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అనే వేరే కిటికీ తెరుచుకుంటాది. ఫైలు చెడిపోయిందేమో అని భయపడతారు, ఏమీ కాదు, ఆ ఎక్స్‌టెన్షన్‌ను వాళ్ళు దానికి ముడిపెట్టినారు, అంతే. కుడి బటన్ నొక్కి నోట్‌ప్యాడ్‌తో తెరవాల. ఇంకోటి, కథలో యాండ్ గుర్తు ఉత్తగా రాస్తే ఎక్స్‌ఎంఎల్ విరిగిపోతాది. దాని బదులు తెలుగులో మరియు అనో, ఒక కామానో పెట్టుకుంటే సరి.

నేను: నటుల పేర్ల గురించి ఇందాక టీ తాగేటప్పుడు ఏదో చెప్పావు.

చిన్నాయన: ఆ, అది ముఖ్యం. ఒక ఫైల్లో చిత్తూరు వి.నాగయ్య, ఇంకో ఫైల్లో ఒట్టి నాగయ్య అని రాస్తే సర్వరు దృష్టిలో ఇద్దరు మనుషులు. ఆయన సినిమాలు రెండు పేజీల్లోకి చీలిపోతాయి. టీఎండీబీ నుంచి వచ్చిన ఇంగ్లీషు స్పెల్లింగు మూడో మనిషి. ఏదో ఒకటి అనుకో, అన్నిట్లో అదే రాయి. నేను పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నా, దాన్ని చూసే కొడతా.

నేను: ఫైలు రాశాం. సర్వరు దాన్ని చదవాలంటే?

చిన్నాయన: జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డులో లైబ్రరీ సెట్టింగుల్లోకి పో. మెటాడేటా రీడర్లు అని ఉంటాది, మెటాడేటా అంటే సినిమా గురించిన వివరాలు, అందులో ఎన్‌ఎఫ్‌ఓకి టిక్కు ఉండాల. దాని కింద సేవర్లు అని ఇంకో జాబితా. ఆడ ఎన్‌ఎఫ్‌ఓకి టిక్కు పెడితే సర్వరే మన ఫైళ్ళను తిరగరాస్తాది. దాంట్లో తప్పేం లేదు, కావాలని పెట్టుకునేవాళ్ళు ఉండారు. నాకు మాత్రం నేను రాసింది నేను రాసినట్టే ఉండాల, అందుకే తీసేసినా. లాక్‌డేటా అనే ట్యాగు పెట్టి ట్రూ అని రాస్తే నెట్ నుంచి వచ్చేది దీని మీద పడకుండా ఆగుతాది. ఫైలు మార్చినాక ఆ సినిమా మీద రిఫ్రెష్ మెటాడేటా ఒకసారి నొక్కాల. లినక్స్ వాళ్ళైతే జెల్లీఫిన్ యూజర్‌కి ఆ ఫోల్డరు చదివే అనుమతి ఉందా లేదా చూసుకోవాల.

నేను: సరే, నేను ఎదురుచూస్తున్న దానికి వద్దాం. జాతర క్యాసెట్టు.

చిన్నాయన: ఆ. తిరుపతి గంగమ్మ జాతర. మీ తాత ఉన్నప్పుడు తాతయ్యగుంట దగ్గర తీయించిన వీహెచ్‌ఎస్ అది. తరువాత డీవీడీలోకి ఎక్కించినారు. అందులో ఫైళ్ళ పేర్లు ఎట్లుంటాయో తెలుసు కదా, వీటీఎస్ 01 అని. ఏ డేటాబేసులో ఉంటాది చెప్పు అది? సర్వరుకు వదిలేస్తే ఏదో దేశం సినిమా పోస్టరు తెచ్చి అమ్మవారి జాతరకు తగిలించినా తగిలిస్తాది.

నేను: దానికోసం వేరే లైబ్రరీ పెట్టావు కదా.

చిన్నాయన: అవును. సినిమాల రకం లైబ్రరీయే, కానీ నెట్ నుంచి తెచ్చే డౌన్‌లోడర్ల టిక్కులన్నీ తీసేసినా. ఎన్‌ఎఫ్‌ఓ తప్ప దానికి వేరే దిక్కు లేదు. టేపును వేషాల ప్రకారం ముక్కలు చేసినా. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, చివరికి జాతర రోజు. పాలెగాడిని వెతుక్కుంటా అమ్మవారు రోజుకొక వేషం కట్టింది కదా, ఆ వరస తప్పకూడదు. అందుకని సార్ట్ టైటిల్లో ముందు అంకె వేసినా. లేకుంటే అక్షర క్రమంలో తోటి వేషం తరువాత దొర వేషం వచ్చినా, బండ వేషం బైరాగి కన్నా ముందుకొచ్చేస్తాది.

నేను: ప్లాట్‌లో ఏం రాశావో కొంచెం చదువు చిన్నాయనా.

చిన్నాయన: దొర వేషంది చదువుతా. "కళ్ళద్దాలు పెట్టుకుని, చేతిలో తుపాకి బొమ్మ పట్టుకున్న పిల్లోడు మా మేనత్త రెండో కొడుకు. వెనక అరుగు మీద చెంబు పట్టుకుని నిలబడింది మా అమ్మ. పక్కన గళ్ళ చీర ఆమె ఎదురింటి అవ్వ, వేషగాళ్ళకు మొక్కి కాళ్ళకు నీళ్ళు పోస్తా ఉంది. డప్పు కొట్టేవాళ్ళలో ఎడమ చేతివాటం మనిషి ప్రతి ఏడూ వచ్చేవాడు." ఇదంతా కథ రాసే చోటే రాసినా. మీ నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఆపి ఆపి చూపిస్తా ఉంటే ఆమె చెప్పింది. నేను కొట్టినా.

నేను: నాకు ఆ ఎడమ చేతి మనిషి సంగతి ఇప్పుడే తెలిసింది.

చిన్నాయన: జెల్లీఫిన్ వెతికే డబ్బాలో టైటిల్ కొడితే ముక్క దొరుకుతాది. ఎవరు ఏ ముక్కలో ఉండారో కావాలంటే యాక్టర్ ట్యాగులో ఇంటి మనుషుల పేర్లే రాసినా. అమ్మ పేరు నొక్కితే ఆమె కనపడే ముక్కలన్నీ ఒకచోట వస్తాయి. ఫోటో కూడా పెట్టుకోవచ్చు.

నేను: ఇది సర్వర్లో ఎడిట్ మెటాడేటా నొక్కి నేరుగా కూడా రాయొచ్చు కదా. ఫైలు ఎందుకు?

చిన్నాయన: రాయొచ్చు. కానీ అది యాడ ఉంటాది? సర్వరు డేటాబేసులో. విండోస్ ఉండే డిస్కు పోయిందంటే దాంతోపాటే పోతాది. ఎన్‌ఎఫ్‌ఓ వీడియో పక్కనే ఉంటాది, హార్డ్‌డిస్కు కాపీ కొడితే రెండూ కలిసే పోతాయి. సాఫ్ట్‌వేర్లు కూడా మారతా ఉంటాయి పాపా. ఎంబీ అనే ఇంకో మీడియా సర్వరు వాళ్ళు సోర్సు కోడ్ మూసేస్తే 2018 డిసెంబరులో దాంట్లోంచి జెల్లీఫిన్ పుట్టింది. కోడి అంతకుముందు ఎక్స్‌బీఎంసీ, 2014లో పేరు మార్చుకుంది. ఇన్ని మారినా ఈ ఫైలు రాసే తీరు అదే, ఇవన్నీ చదువుతాయి. రేపు ఇంకోటి ఏదొచ్చినా, ఏదీ రాకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగులో చదువుకోవచ్చు.

నేను: వందల సినిమాలు ఉన్నవాళ్ళు చేత్తో రాయలేరు కదా.

చిన్నాయన: వాళ్ళకు టైనీ మీడియా మేనేజర్ అని ఒకటుంది, మంద మొత్తానికీ ఒకేసారి రాసిపెడతాది. కోడి వాడేవాళ్ళు లైబ్రరీ ఎక్స్‌పోర్ట్ కొట్టినా ఫైళ్ళు వచ్చేస్తాయి. నేనైతే అన్నిటికీ దాంతో రాయించి, పాత తెలుగువి మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూస్తా. మన 40ల, 50ల సినిమాలకు టీఎండీబీలో కథ ఉండదు, ఉన్నా ఒక లైను ఉంటాది, పాటలు రాసినోళ్ళ పేర్లు ఉండవు.

నేను: దాన్ని మనమే నింపొచ్చు కదా.

చిన్నాయన: నింపాల. ఖాతా తెరిస్తే ఎవరైనా నింపొచ్చు, తెలుగుకు వేరేగా స్థలం కూడా ఉంది ఆడ. ఫైల్లో రాసుకున్న కథే తీసుకపోయి అక్కడ అతికిస్తే ఇంకొకరి ఇంట్లో నాగయ్య సినిమాకు కూడా తెలుగులో కథ వస్తాది. పోతనకు రాసేసినా. వేమనకు ఈ వారం కూర్చోవాల.

నేను: పోస్టర్ల గురించి ఒక్క మాట, చాలామంది అడుగుతారు.

చిన్నాయన: అదే ఫోల్డర్లో పోస్టర్ డాట్ జేపీజీ అని పెట్టు, అదే తీసుకుంటాది. వెనకాల పెద్ద బొమ్మకు బ్యాక్‌డ్రాప్ డాట్ జేపీజీ. జాతర ముక్కలకు టేపులోంచే ఒక్కో ఫ్రేము తీసి పెట్టినా. రా, టీవీలో చూపిస్తా, మైకు ఆపు.