అత్తయ్యగారితో అయోవా సిటీ: ఈ మూడు నెలల్లో ఎక్కడికి వెళ్దాం?

నమస్కారమండీ. ఆగస్టు సగం గడిచింది. అమెరికాలోని మన అయోవా సిటీలో యూనివర్సిటీ పిల్లలు పరుపులు, పెట్టెలు మోసుకుంటూ ఊళ్లోకి దిగుతున్నారు. మన తెలుగువాళ్ల ఇళ్లలో చూస్తే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఉన్నారు. మా ఇంట్లో కూడా అత్తయ్యగారు ఉన్నారు. ఈ మధ్య మీలో చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు: "మేం ఆఫీసుకు వెళ్లాక అమ్మకు పొద్దు పోవడం లేదు. కారు నడపడం రాదు. పాపం కిటికీ దగ్గరే కూర్చుంటోంది."

ఈ వీడియో ఆ అమ్మల కోసమే. శని, ఆదివారాలు వస్తే మనం షికాగో బయల్దేరతాం. పోవడానికి మూడున్నర గంటలు, రావడానికి మూడున్నర గంటలు. పెద్దవాళ్లకు నడుము నొప్పి మిగులుతుంది. మన ఊరి జనాభా 75 వేలు. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని కళలు, ఇంత దగ్గర దగ్గరగా ఉండటం చాలా అరుదు. పైగా 2023 ఆగస్టు నుంచి సిటీ బస్సుల్లో టికెట్ తీసేశారు. బస్సు ఎక్కడం ఒక్కసారి దగ్గరుండి చూపిస్తే చాలు, రెండోసారి వాళ్లే వెళ్లగలరు.

ముందు శనివారం సంత. చాన్సీ స్వాన్ పార్కింగ్ భవనం కింది అంతస్తులో మే నుంచి అక్టోబరు దాకా ప్రతి శనివారం పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకు రైతులు అమ్ముతారు. పైన కప్పు ఉంది కాబట్టి వాన వచ్చినా ఇబ్బంది లేదు. ఇప్పుడు మొక్కజొన్న పొత్తులు, టమాటాల కాలం. పోయిన శనివారం అత్తయ్యగారు ఒక బల్ల దగ్గర ఆగిపోయారు. చూస్తే తోటకూర! కాంగో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. వాళ్ల వంటలోనూ తోటకూర ఉంటుంది. అత్తయ్యగారు కట్ట చేతిలోకి తీసుకుని, అలవాటుగా కాడను గోటితో గిచ్చి చూశారు, ముదురా లేతా అని. అమ్మే ఆవిడ అది చూసి పెద్దగా నవ్వి, కింద బుట్టలో నుంచి ఇంకా లేత కట్ట ఒకటి తీసి ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా అక్కడ పది నిమిషాలు నిలబడ్డారు. ఇప్పుడు ఈ శనివారం ఎప్పుడొస్తుందా అని అత్తయ్యగారే ఎదురుచూస్తున్నారు.

సంత నుంచి నాలుగు అడుగులు వేస్తే పెడ్ మాల్. ఇటుకలు పరిచిన వీధి, వాహనాలు రావు, పెద్దవాళ్లు నిశ్చింతగా నడవచ్చు. కూర్చోవడానికి బెంచీలున్నాయి, పక్కనే పబ్లిక్ లైబ్రరీ ఉంది. వేసవిలో శుక్రవారం సాయంత్రాలు ఇక్కడే ఉచిత కచేరీలు జరుగుతాయి. అవి ముగింపుకు వచ్చేశాయి కాబట్టి ఈ వారమే వెళ్లిరండి. మడత కుర్చీ వెంట తీసుకెళ్లండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటు గురించి. యూనివర్సిటీవారి స్టాన్లీ కళా మ్యూజియం. ప్రవేశం ఉచితం. 2008 జూన్‌లో అయోవా నదికి వరద వచ్చినప్పుడు పాత మ్యూజియంలోని బొమ్మలను హడావుడిగా తరలించారు. వాటికి మళ్లీ సొంత ఇల్లు దొరికింది 2022లో. పద్నాలుగేళ్లు! ఆ బొమ్మల్లో ఒకటి అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1943లో వేసిన 'మ్యూరల్'. ఎనిమిది అడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవు. కళాఖండాలు సేకరించే పెగ్గీ గుగ్గెన్‌హైమ్ తన న్యూయార్క్ ఇంటి కోసం వేయించుకుని, తర్వాత ఈ యూనివర్సిటీకి ఇచ్చేశారు.

అత్తయ్యగారికి ఏం నచ్చుతుందిలే అని మా వారు అన్నారు. ఆవిడ ఆ బొమ్మ ముందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు, మళ్లీ వెనక్కి వచ్చారు. కుడిచేయి కొంచెం పైకెత్తి, గాలిలోనే ఆ గీతల వెంట వేలు తిప్పుతున్నారు, వాకిట్లో మెలికల ముగ్గు వేసేటప్పుడు తిప్పినట్టే. "నేల మీద పరిచి వేశాడా, నిలబెట్టి వేశాడా?" అని అడిగారు. ఎంత మంచి ప్రశ్న అండీ అది! పొలాక్ నేల మీద పరిచి రంగు చిలకరించడం ఆ తర్వాతి సంగతి. దీన్ని మాత్రం గోడకు నిలబెట్టే వేశాడు. చదువుకున్నవాళ్లం, మనలో ఎంతమందికి ఆ ప్రశ్న తడుతుంది? జీవితమంతా చేత్తో గీతలు గీసినవాళ్లకు తడుతుంది. పెద్దవాళ్లకు అర్థం కాదని మనమే ముందుగా తీర్మానించేస్తున్నాం. అక్కడే ఆఫ్రికా శిల్పాల గది కూడా ఉంది, మాస్కులు, కొయ్య బొమ్మలు. దానికి ఇంకొక రోజు కేటాయించుకోండి, ఒక్క పూటలో అన్నీ చూడలేరు.

ఇక ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా ఊరికి కొత్త అతిథులు వస్తారు. అంతర్జాతీయ రచయితల కార్యక్రమం. 1967లో కవి పాల్ ఎంగిల్, రచయిత్రి హువాలింగ్ నియె కలిసి మొదలుపెట్టారు. ఏటా ఎన్నో దేశాల నుంచి రచయితలు వచ్చి ఇక్కడ రెండు మూడు నెలలు ఉంటారు. నోబెల్ అందుకున్న ఓర్హాన్ పాముక్, మో యాన్, హాన్ కాంగ్ ముగ్గురూ ఆ బహుమతికి ఎంతో ముందే ఈ కార్యక్రమానికి వచ్చి ఈ వీధుల్లో తిరిగినవాళ్లే. ఆదివారం పూట డుబ్యూక్ వీధిలోని ప్రెయిరీ లైట్స్ పుస్తకాల షాపులో వాళ్లు తమ రచనలు చదువుతారు. టికెట్ లేదు, వెళ్లి కూర్చోవడమే. రచయిత మన నుంచి పది అడుగుల దూరంలో ఉంటారు. ఇంగ్లీషు అంతా అందకపోయినా, వేరే దేశం మనిషి తన ఊరి గురించి చదువుతుంటే ఆ గొంతు వినడం కూడా ఒక అనుభవమే. రిటైరైన టీచర్లు, కథలు చదివే అలవాటున్న నాన్నలు ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఆదివారం కదా, మనం కూడా పక్కన కూర్చోవచ్చు.

అక్టోబరులో పుస్తకాల పండుగ ఉంది. వరద వచ్చిన ఆ 2008లోనే యునెస్కో ఈ ఊరిని సాహిత్య నగరంగా గుర్తించింది, అమెరికాలో ఆ గుర్తింపు పొందిన మొదటి ఊరు ఇదే. ఆ పండుగ సభలు చాలావరకు ఉచితమే. చలి మొదలవుతుంది కాబట్టి స్వెట్టరు, మంకీ క్యాప్ మరవకండి. నాటకాలు, పెద్ద కచేరీలు కావాలంటే యూనివర్సిటీవారి హాంచర్ ఆడిటోరియం ఉంది, వాటికి టికెట్ కొనాలి. ఇంగ్లర్ట్ థియేటర్‌ది ఇంకొక కథ. 1912 నాటి హాలు అది. నైట్ క్లబ్బుగా మారిపోయేదే. ఊరివాళ్లు పట్టుబట్టి సిటీ చేత కొనిపించి, చందాలు పోగుచేసి బాగు చేయించుకుని 2004లో మళ్లీ తెరిచారు. ఇండియాలో మన ఊళ్లల్లో జనం చందాలు వేసుకుని గుడి కట్టుకోలేదా, అలాంటి పట్టుదలే ఇది. నేను లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆ మాటే గుర్తొస్తుంది.

నాకొక కోరిక ఉంది, మీ ముందు పెడుతున్నాను. ఏటా దసరాకు మనం ఎవరి ఇంట్లో వాళ్లం బొమ్మల కొలువు పెట్టుకుని, మనవాళ్లనే పేరంటానికి పిలుచుకుంటున్నాం. ఈసారి లైబ్రరీ సమావేశ గది అడిగి, ఒక పూట అందరి బొమ్మలూ ఒకేచోట పెడదాం. అమ్మలు, అత్తలు దగ్గరుండి సర్దుతారు, పిల్లలు వచ్చినవాళ్లకు ఇంగ్లీషులో చెబుతారు. సంతలో తోటకూర ఇచ్చిన ఆవిడను అత్తయ్యగారు అప్పుడే పిలిచేశారు, చేతులతోనే. బొమ్మలున్నవాళ్లు, మెట్లు కట్టే బల్లలున్నవాళ్లు వచ్చే శనివారం పదింటికి సంత దగ్గర కనిపించండి, అక్కడే మాట్లాడుకుందాం.