అర్హత ఉన్నా స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిపోతుంది?

నమస్కారం. తెలంగాణలో పదో తరగతి దాటి ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్ వంటి చదువులలో చేరి, కుటుంబ ఆదాయం తక్కువగా ఉన్నందువల్ల ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోబోతున్న విద్యార్థులతో, వారి తల్లిదండ్రులతో ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నాను. ఈ స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు ఎలా నింపాలో చూపించే వీడియోలకు కొదవ లేదు. ఏ గడిలో ఏమి రాయాలో అవి చక్కగానే చెబుతాయి. నేను చెప్పదలచుకున్నది వేరు. అన్ని అర్హతలూ ఉన్న విద్యార్థికి డబ్బు రాకుండా పోయిందంటే, చాలాసార్లు దానికి కారణం ఒక కాగితంలో ఉన్న వివరానికీ మరో కాగితంలో ఉన్న వివరానికీ పొంతన లేకపోవడమే. ఆ పొంతన చూసుకోవలసింది గడువు ముంచుకొచ్చినప్పుడు కాదు, కాలేజీలో చేరకముందే.

ముందుగా పథకం గురించి క్లుప్తంగా చెబుతాను. ఇందులో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది బోధన రుసుము, అంటే మనం ఫీజు రీయింబర్స్‌మెంట్ అని పిలుచుకునేది. కార్యాలయాల్లో దీన్ని ఆర్టీఎఫ్ అంటారు. రెండోది ఎంటీఎఫ్, అంటే భోజనం, వసతి, ఇతర నిర్వహణ ఖర్చుల కోసం ఇచ్చేది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తల్లిదండ్రుల వార్షిక ఆదాయం 2 లక్షల రూపాయలకు మించకూడదు. బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థులకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు పరిమితి. ఇంజనీరింగ్‌లో చేరిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి రుసుము, ఆపైన ర్యాంకు వచ్చిన వారిలో ఎక్కువమందికి 35,000 రూపాయల వరకు ప్రభుత్వం భరిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో లేదా స్పాట్ అడ్మిషన్‌లో, అంటే కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లలో, చేరిన వారికి ఈ పథకం వర్తించదు. సీటు ఖాయమయ్యే ముందే ఈ విషయం కాలేజీ వారిని స్పష్టంగా అడిగి తెలుసుకోండి. చేరిన తరువాత తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

కొందరు విద్యార్థులు, ముఖ్యంగా మొదటిసారి పట్నం కాలేజీకి వచ్చినవారు, స్కాలర్‌షిప్ కాగితాలు పట్టుకుని ఆఫీసు గది ముందు నిలబడటానికి సిగ్గుపడతారు. తోటివారు చూస్తారేమోనని వెనకాడి, చివరి రోజు దాకా ఆగి, తరువాత ఇబ్బంది పడతారు. వారికి ఒక మాట చెప్పాలి. మెట్రిక్ తరువాతి చదువులకు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇవ్వడం మన దేశంలో 1944లో, స్వాతంత్ర్యానికి ముందే, ఎస్సీ విద్యార్థుల కోసం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున అమలైంది. ఎన్నో ఏళ్లుగా లక్షలాది కుటుంబాలలో మొదటి పట్టభద్రులు ఈ దారిలోనే వచ్చారు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మీకు రావలసినది. అడగడంలో తలవంపు ఏమీ లేదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన ఆదాయ ధ్రువపత్రం గురించి మాట్లాడుకుందాం. మీసేవలో దరఖాస్తు చేస్తే, గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, విచారణ చేసిన తరువాత తహసీల్దారు దీన్ని జారీ చేస్తారు. నెలజీతం వచ్చే కుటుంబానికి జీతం కాగితం చూపితే సరిపోతుంది. కానీ తండ్రి ఆటో నడుపుతూ, తల్లి ఇంట్లో మిషన్ కుడుతూ ఉన్న కుటుంబానికి ఏ కాగితం ఉంటుంది? ఒక నెల పని బాగుంటుంది, మరో నెల బండి మరమ్మతుకే సంపాదన సరిపోతుంది. ఇలాంటి ఇళ్లలో విచారణకు వచ్చినవారు అడిగినప్పుడు నోటికి వచ్చిన అంకె చెప్పడం జరుగుతుంది. అలా చేయకండి. ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరుకుతుందో, నెలకు పనికి అయ్యే ఖర్చులు పోను ఎంత మిగులుతుందో, కౌలుకో సొంతానికో భూమి ఉంటే దాని మీద ఎంత వస్తుందో ఇంట్లో అందరూ కూర్చుని ముందే లెక్క వేసుకోండి. ఒకే ఇంట్లో అన్నకు తీసుకున్న ధ్రువపత్రంలో 1,20,000 అని, అదే ఏడాది చెల్లెలికి తీసుకున్న దానిలో 1,80,000 అని ఉంటే పరిశీలించే అధికారికి సందేహం రావడం సహజం. ఆ సందేహం తీరేలోగా ఇద్దరి దరఖాస్తులూ ఆగిపోవచ్చు.

ఇక్కడే మరో మాట చెప్పకుండా ఉండలేను. పరిమితికి మించి ఆదాయం ఉన్నవారు కొందరు తక్కువ చూపించి ధ్రువపత్రం తీసుకుంటారు. అది అందరూ చేసేదేనని సర్దిచెప్పుకుంటారు. ఇలాంటివి పెరిగినకొద్దీ విచారణలు కఠినమవుతాయి, అదనపు కాగితాలు అడుగుతారు, ఆ భారమంతా చివరికి కూలి పని మానుకుని తహసీల్దారు కార్యాలయానికి రావలసిన తల్లి మీద పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

తేదీ కూడా ముఖ్యమే. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ధ్రువపత్రాల పరిశీలన సమయంలో, ఆ సంవత్సరం జనవరి 1 లేదా ఆ తరువాత జారీ అయిన ఆదాయ ధ్రువపత్రాన్నే అంగీకరిస్తారు. పోయిన ఏడాది ఇంటర్‌లో ఉండగా తీసుకున్న కాగితం భద్రంగా ఉంది కదా అని ధీమాగా వెళ్లి, అక్కడ కొత్తది తెమ్మంటే పరుగులు పెట్టిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఫలితాలు వచ్చాక మీసేవ కేంద్రాల్లో రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. వేసవిలోనే తీసుకుని పెట్టుకోండి.

ఇప్పుడు పేర్ల సంగతి చూద్దాం. ఈపాస్ దరఖాస్తు పదో తరగతి హాల్‌టికెట్ నంబరుతో మొదలవుతుంది కాబట్టి, ఆ మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీయే అన్నిటికీ ఆధారం. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉండవచ్చు. ఒకచోట కుమారి అని, ఇంకోచోట లేదని ఉండవచ్చు. తండ్రి పేరు చివర ఒక దానిలో రావు, మరొక దానిలో అది లేకుండా ఉండవచ్చు. ఇంట్లో వారికి ఇవన్నీ ఒకే మనిషి పేర్లు. కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మనుషులు. మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఈ అయిదింటినీ ఒక బల్ల మీద పక్కపక్కన పరచి, పేరులోని ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదవండి. తేడా కనిపిస్తే ఆధార్ కేంద్రానికి మెమో తీసుకువెళ్లి ఆధార్‌ను సరిచేయించుకోవడం మెమోను మార్పించుకోవడం కంటే చాలా సులువు. ఆధార్ మారాక బ్యాంకులోనూ పేరు మార్పించాలి. ఈ రెండో అడుగును చాలామంది మరచిపోతారు.

బ్యాంకు దగ్గర ఇంకొక చిక్కు ఉంది. ఆధార్ ఆధారంగా చెల్లించే డబ్బు మీరు రాసిన ఖాతా నంబరును బట్టి కాకుండా, మీ ఆధార్ చివరిసారిగా ఏ బ్యాంకుకు సీడింగ్ అయిందో ఆ ఖాతాకు వెళుతుంది. సీడింగ్ అంటే ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో నమోదు చేయడం. ఇంటర్‌లో ఒక బ్యాంకులో ఖాతా తెరిచి, ఆ తరువాత సెలవుల్లో ఎక్కడో పనికి చేరినప్పుడు వారు మరో బ్యాంకులో ఖాతా తెరిపించి ఉంటే, మీ స్కాలర్‌షిప్ ఆ రెండో ఖాతాలో పడవచ్చు. మీరేమో మొదటి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుంటూ ఇంకా రాలేదని ఎదురుచూస్తుంటారు. మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్థితి చూసుకునే సదుపాయం ఉంది. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు మీ దగ్గర ఉంటే చాలు. అక్కడ వేరే బ్యాంకు పేరు కనిపిస్తే, మీకు కావలసిన బ్యాంకు శాఖకు వెళ్లి ఆధార్ సీడింగ్ కోసం రాతపూర్వకంగా కోరండి. ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉన్నంత మాత్రాన సీడింగ్ జరిగినట్టు కాదు. రెండూ వేర్వేరు పనులని బ్యాంకు వారికి చెప్పి మరీ చేయించుకోండి.

దరఖాస్తు సమర్పించిన తరువాత చాలామంది పని పూర్తయిందని అనుకుంటారు. నిజానికి అప్పుడు అది కాలేజీ చేతిలోకి వెళుతుంది. ప్రింటు తీసిన దరఖాస్తును జత పత్రాలతో కాలేజీలో ఇవ్వాలి, వేలిముద్ర ధ్రువీకరణ పూర్తిచేయాలి, కాలేజీ వారు పరిశీలించి సంక్షేమ శాఖకు పంపాలి. ఈ మెట్లలో ఏది దాటిందో, ఏది దాటలేదో ఈపాస్‌లో అప్లికేషన్ నంబరుతో చూసుకోవచ్చు. కాగితాలు ఇచ్చినట్టు ఆఫీసులో తేదీతో సంతకం తీసుకోండి. హాజరు 75 శాతానికి తగ్గితే వచ్చేది కూడా ఆగిపోతుంది. రెండో ఏడాది నుంచి రెన్యువల్ దానంతట అది జరగదు, ప్రతి ఏడాదీ మీరే చేసుకోవాలి.

ఆదాయం పరిమితికి కొంచెం మించి ఉన్నవారికి, ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చిన వారికి కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. బోర్డు పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చిన మొదటి 20 శాతం మందిలో ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. ఇతర స్కాలర్‌షిప్ పొందుతున్నవారు దీనికి అర్హులు కారు కాబట్టి, ఏది ఎక్కువ ప్రయోజనమో చూసుకుని ఒకదాన్నే ఎంచుకోండి.

చివరగా బకాయిల విషయం. స్కాలర్‌షిప్ మంజూరు కావడం వేరు, డబ్బు విడుదల కావడం వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోవడం వల్ల కోర్సు పూర్తయిన విద్యార్థిని కొన్ని కాలేజీలు ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తామంటాయి. కట్టేదాకా టీసీ, మెమోలు ఇవ్వమంటాయి. కాలేజీలు జీతాలు ఇవ్వలేక ఇబ్బంది పడుతున్నాయన్నది వాస్తవమే. కానీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య తేలవలసిన లెక్కకు, చేతిలో ఉద్యోగ ఉత్తర్వు పెట్టుకుని కాగితాల కోసం ఎదురుచూస్తున్న విద్యార్థిని బాధ్యుడిని చేయడం అన్యాయం. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, సంతకం చేసిన నకళ్లు మాత్రమే ఉంచుకోవాలని అందులో ఉంది. మీకు ఈ పరిస్థితి ఎదురైతే గొడవ పడకుండా, ముందు ప్రిన్సిపాల్ పేరున ఒక వినతి పత్రం రాసి, ఈపాస్ అప్లికేషన్ నంబరు, మంజూరు స్థితి చూపే ప్రింటు జతచేసి ఇవ్వండి. నకలు మీద తేదీతో రసీదు తీసుకోండి. సమాధానం రాకపోతే అదే నకలుతో విశ్వవిద్యాలయానికి, జిల్లా సంక్షేమ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనూ ఆ అర్జీని ఇవ్వవచ్చు.