పార్కుకు ఒక వేళల పట్టిక

శ్రోతలందరికీ నమస్కారం.

ఇరుగుపొరుగువారు కలిసి తమ వాడలోని పార్కును శుభ్రంగా, భద్రంగా ఎలా ఉంచుకోగలరన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఈ మాట వినగానే చాలామందికి ఏడాదికి ఒకసారి జరిగే శ్రమదానం గుర్తుకు వస్తుంది. ఒక సెలవురోజు ఉదయం అందరూ చీపుర్లు, గంపలు పట్టుకుని వస్తారు, మధ్యాహ్నానికి పార్కు రూపు మారిపోతుంది, కొద్ది వారాలు గడిచేసరికి మళ్ళీ ఎప్పటి స్థితికే చేరుకుంటుంది. ఇటువంటి కార్యక్రమాలను నేను తక్కువ చేసి చెప్పడం లేదు. 2008 మే 3వ తేదీన ఎస్టోనియా దేశంలో దాదాపు 50,000 మంది ఒక్కరోజులో కదిలివచ్చి, అడవులలోను దారుల పక్కన పేరుకున్న సుమారు 10,000 టన్నుల చెత్తను తొలగించారు. అది చూసి ఎన్నో దేశాలు అదే పనికి పూనుకున్నాయి. కాని అడవిలో ఏళ్ళ తరబడి పడి ఉన్న చెత్తను ఒకసారి ఎత్తివేస్తే ఆ చోటు కొంతకాలం బాగుంటుంది. పార్కు అటువంటిది కాదు. అది రోజూ మనుషులు వచ్చిపోయే చోటు కనుక రోజూ కొంత పాడవుతుంది, రోజూ కొంత బాగుపడాలి.

అందుచేత ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పార్కును కాపాడేది ఏడాదికి ఒకరోజు వచ్చే వందమంది కాదు, రోజుకు ఒక్కొక్క వేళలో వచ్చే నలుగురు. ఈ విషయాన్ని నాకు స్పష్టంగా చూపించిన ఒక ఉదాహరణ ఉన్నది. అది నాకు ఎంతో ఇష్టమైనది కనుక, మిగతా సంగతులను కుదించి అయినా సరే, దానిని తీరిగ్గా చెబుతాను.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి 1682లో విలియం పెన్ రూపకల్పన చేయించినప్పుడు, నగరం నడుమ ఒక మైదానాన్ని, నగరపు నాలుగు భాగాలలో ఒక్కొక్కటి చొప్పున నాలుగు మైదానాలను ప్రజల కోసం విడిచిపెట్టమన్నాడు. ఆ నాలుగూ ఒకే కొలతవి, ఒక్కొక్కటి ఎనిమిది ఎకరాలు. నగర కేంద్రం నుంచి వాటి దూరాలు కూడా ఇంచుమించు సమానమే. ఒకే చేతిలో, ఒకే కాగితం మీద పుట్టిన ఆ నాలుగు పార్కులూ సుమారు రెండువందల డెబ్బై ఏళ్ళు గడిచేసరికి నాలుగు వేర్వేరు గతులకు చేరాయి. నగరాల జీవితాన్ని శ్రద్ధగా గమనించి 1961లో గ్రంథంగా వెలువరించిన రచయిత్రి జేన్ జేకబ్స్ ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, వీటిలో ఒక్కటే ఎందుకు వర్ధిల్లింది అని అడిగారు.

వర్ధిల్లిన పార్కు పేరు రిటెన్‌హౌస్ స్క్వేర్. డేవిడ్ రిటెన్‌హౌస్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుని పేరును 1825లో దానికి పెట్టారు. అక్కడి ఒక రోజును జేకబ్స్ వేళల వారీగా వర్ణించారు. తెల్లవారగానే పార్కును ఆనుకుని ఉన్న ఇళ్ళవారు చురుకుగా నడవడానికి వస్తారు. వారు వెళ్ళేలోగా, అక్కడ నివసించి వేరేచోట ఉద్యోగం చేసేవారు పార్కు మీదుగా పనులకు బయలుదేరుతారు. వారి వెనుకనే, వేరేచోట నివసించి అక్కడ ఉద్యోగం చేసేవారు పార్కును దాటుతూ వస్తారు. కొంచెం పొద్దెక్కాక చిన్నపిల్లలతో తల్లులు, సరుకులు కొనడానికి బయలుదేరినవారు చేరతారు. మధ్యాహ్నం తల్లులు, పిల్లలు ఇళ్ళకు వెళ్ళే సమయానికి భోజన విరామం దొరికిన ఉద్యోగులు వచ్చి బెంచీలు నింపుతారు. మూడోజాములో మళ్ళీ తల్లులు వస్తారు, ఈసారి బడి వదిలిన పిల్లలు కూడా తోడవుతారు. సాయంకాలం ఇళ్ళకు తిరిగి వెళ్ళే ఉద్యోగులు, ఆ తరువాత ఒకరినొకరు కలుసుకోవడానికి వచ్చే యువతీయువకులు. ఈ రాకపోకల నడుమ తీరిక ఉన్న వృద్ధులు రోజంతా అక్కడక్కడ కూర్చునే ఉంటారు. ఒక గుంపు లేచేసరికి మరొక గుంపు వస్తున్నది. పార్కు ఏ గంటలోనూ ఒంటరిగా లేదు. కావలి కోసం ఎవరూ రాలేదు, ఎవరి పని మీద వారు వచ్చారు. అయినా ఏ గంటలోనూ పార్కు ఒంటరిగా లేదు.

ఇప్పుడు అదే నగరంలో, అదే కొలతతో పుట్టిన వాషింగ్టన్ స్క్వేర్ సంగతి చూడండి. ఆ కాలంలో దాని చుట్టూ ఎక్కువగా కార్యాలయాలే ఉండేవి. అక్కడ పనిచేసే వేలాదిమంది ఒకే వేళకు లోపలికి వెళ్ళేవారు, ఒకే వేళకు భోజనానికి వచ్చేవారు, ఒకే వేళకు ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. అందువల్ల ఆ పార్కు మధ్యాహ్నం ఒక గంటసేపు కిటకిటలాడి, మిగతా వేళలన్నీ ఖాళీగా ఉండేది. ఖాళీగా ఉన్న వేళలలో చాటు కోరుకునేవారు దానిని తమది చేసుకున్నారు, పార్కుకు చెడ్డపేరు వచ్చింది. మిగిలిన రెండింటిలో లోగన్ స్క్వేర్ వాహనాల ప్రవాహం నడుమ చిక్కుకున్న ఒక చక్కటి ఫౌంటెన్‌గా మిగిలింది. ఫ్రాంక్లిన్ స్క్వేర్ ఇల్లూ పనీ లేని మనుషులకు పగటి చావడి అయింది. పార్కులో ఇల్లు లేనివారు కూర్చోవడమే దోషమని నేను అనుకోను. వారికి తప్ప ఇంకెవరికీ అక్కడికి రావలసిన కారణం లేకపోవడమే ఆ పార్కు లోటు. అదే పార్కును 2006లో కొత్తగా తీర్చిదిద్ది, పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నం వంటివి పెట్టిన తరువాత కుటుంబాలు మళ్ళీ రావడం మొదలుపెట్టాయి. స్థలం మారలేదు, రావడానికి కారణం దొరికింది.

ఈ ఉదాహరణ నుంచి మన వాడకు వద్దాం. కార్యాలయాలను, ఇళ్ళను పార్కు చుట్టూ మనం అమర్చలేము. అయితే రిటెన్‌హౌస్ స్క్వేర్‌కు చుట్టూ ఉన్న కట్టడాల వలన దానంతట అది సమకూరిన వేళల వరుసను, ఇరుగుపొరుగువారు తమలో తాము మాట్లాడుకుని కొంతవరకు సమకూర్చుకోగలరు. ఒక పెద్ద కాగితం తీసుకుని, వారంలోని ఏడు రోజులను అడ్డంగా, పొద్దున నుంచి రాత్రి వరకు గంటలను నిలువుగా రాసి, ఇంటింటికీ తిప్పండి. ఎవరినీ కొత్త పని చేయమని అడగవద్దు. ఇంట్లో ఎలాగూ చేసే పనులలో ఏది పార్కులో చేయగలరు, ఏ వేళలో చేయగలరు అని మాత్రమే అడగండి. ఒకరు పత్రిక చదువుకుంటారు. ఒకరు పిల్లల చేత పాఠాలు చదివిస్తారు. ఒకరు సంగీత సాధన చేస్తారు, ఒకరు వైద్యుడు చెప్పిన వ్యాయామం చేస్తారు. ఆ పని ఏదైనా సరే, అది జరిగే వేళను పట్టికలో రాయించండి. అన్ని ఇళ్ళూ రాసిన తరువాత ఆ కాగితం వైపు చూస్తే, ఏ గంటలలో ఎవరి పేరూ లేదో కనిపిస్తుంది. మీ పార్కులో బెంచీలు విరిగేది, సీసాలు పగిలేది చాలావరకు ఆ గంటలలోనే అయి ఉంటుంది.

వచ్చినవారు ఆ వేళకు తగిన ఒక చిన్న పని చూసుకుంటే చాలు. ఉదయం మొదట వచ్చినవారు రాత్రి పడిన చెత్తను తీయాలి. ఇది చిన్న విషయంగా తోచవచ్చు, కాని దీనికి గట్టి ఆధారం ఉన్నది. రాబర్ట్ సియాల్దిని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కార్లు నిలిపే చోట ప్రతి కారు అద్దానికి ఒక కరపత్రం తగిలించి, యజమానులు దానిని ఏమి చేస్తారో గమనించారు. నేలంతా చెత్త ఉన్నప్పుడు, ఎదురుగా ఒక మనిషి కాగితం పారవేయడం చూసినవారిలో 54 శాతం మంది తామూ పారవేశారు. నేల శుభ్రంగా ఉన్నప్పుడు, అదే దృశ్యం చూసినవారిలో పారవేసినవారు 6 శాతం మాత్రమే. శుభ్రంగా ఉన్నచోట ఒకరు తప్పు చేస్తే చూసినవారు ఆ తప్పును గుర్తించి జాగ్రత్తపడ్డారన్నమాట. అందుకే మధ్యాహ్నం చేసే గంటసేపు పని కన్నా, జనం రాకముందు ఉదయం చేసే పదిహేను నిమిషాల పని మేలు.

చెత్త తీసేవారు చేతికి దళసరి తొడుగులు వేసుకోవాలి, పొడవైన పట్టకారు వాడాలి. పగిలిన గాజును, సూదులను పలుచటి సంచిలో వేయకూడదు. గట్టి డబ్బాలో వేసి మూత పెట్టాలి. సూదులను తీసే పనిని పిల్లలకు ఎట్టి పరిస్థితిలోనూ అప్పగించకూడదు.

పగటిపూట వచ్చేవారు ఉయ్యాల గొలుసులను, జారుడుబల్ల బోల్టులను ఒకసారి చేత్తో తాకి చూడాలి. సాయంత్రం వచ్చేవారు వెలగని దీపాలను గమనించి, ఆ స్తంభం మీద ఉన్న నంబరును, పార్కు కోసం అందరూ కలిసి పెట్టుకున్న ఒక పుస్తకంలో రాయాలి. పురపాలక సంఘానికి ఫిర్యాదు చేసేటప్పుడు, దీపాలు వెలగడం లేదని చెప్పడానికి, ఫలానా నంబరు స్తంభం ఫలానా తేదీ నుంచి వెలగడం లేదని చెప్పడానికి చాలా తేడా ఉంటుంది. ఆ ఫిర్యాదులు పంపి, పని అయ్యేవరకు వెంటపడే బాధ్యతను ఒక్కరికే అప్పగించండి. అందరూ చెబుతారనుకుంటే చివరికి ఎవరూ చెప్పరు.

భద్రత అనగానే ఎత్తయిన గోడలు, తాళాలు, ఇది చేయరాదు అది చేయరాదు అనే బోర్డులు అడిగేవారు ఉంటారు. వారి భయాన్ని నేను అర్థం చేసుకోగలను, కాని ఆ మార్గం మీద నాకు నమ్మకం లేదు. న్యూయార్క్ నగరంలోని బ్రయంట్ పార్కు 1970లలో మాదకద్రవ్యాలు అమ్మేవారి స్థావరంగా పేరుబడింది. విలియం వైట్ అనే పరిశీలకుడు దానిని చూసి, వీధి కన్నా ఎత్తుగా ఉండటం, చుట్టూ కంచెలు, దట్టమైన పొదలు ఉండటం వలన లోపల ఏమి జరుగుతున్నదో బయటికి కనిపించకపోవడమే అసలు రోగమని చెప్పాడు. పొదలు తొలగించి, ప్రవేశమార్గాలు విశాలం చేసి, ఎవరికి నచ్చిన చోటికి వారు జరుపుకోగల కుర్చీలు వేసి 1992లో దానిని తిరిగి తెరిచారు. ఒక స్థలం బాగున్నదో లేదో తెలుసుకోవడానికి అక్కడికి వచ్చే స్త్రీల సంఖ్యను చూడమని కూడా వైట్ చెప్పేవాడు. మీ పార్కులో చీకటిపడే వేళ ఒంటరిగా కూర్చున్న స్త్రీలు ఎందరున్నారో చూడండి. ఏ బోర్డు చెప్పలేని నిజం ఆ లెక్క చెబుతుంది. పొదలను మోకాలి ఎత్తుకు కొంచెం పైన ఉండేటట్టు కత్తిరించడం, చెట్ల కింది కొమ్మలను మనిషి తలకు పైగా ఉండేటట్టు చూసుకోవడం, ఈ రెండూ గోడ కట్టడం కన్నా సులువు, గోడ కన్నా ఉపయోగం.

మళ్ళీ ఫిలడెల్ఫియాకే వస్తాను. అక్కడ పాడుబడిన 541 ఖాళీ స్థలాల మీద జరిపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. చీటీలు వేసినట్టుగా ఎంపిక చేసిన కొన్ని స్థలాలలో చెత్త తీసి, నేల చదునుచేసి, గడ్డి, కొద్ది చెట్లు నాటి, చుట్టూ పొట్టి కర్రల కంచె వేశారు, క్రమం తప్పకుండా బాగుచేస్తూ వచ్చారు. పేదరికం ఎక్కువగా ఉన్న వాడలలో, అటువంటి స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. ఆ కంచె మనుషులను ఆపేది కాదు, లోపలికి నడిచి వెళ్ళడానికి సందులు ఉన్నది. ఈ స్థలాన్ని చూసుకునేవారు ఉన్నారని మాత్రం అది చెబుతుంది.

ఒక విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించవలసి ఉన్నది. పట్టికలో పేరు రాసినవారు కావలివాళ్ళు కారు. తగవు జరుగుతుంటే మధ్యలోకి వెళ్ళకూడదు. దూరంగా నిలిచి పోలీసులకు చెప్పాలి. గుంపుగా కూర్చున్న యువకులను చూడగానే తరిమివేయాలని అనుకోకూడదు. అందరికీ చెందిన వనరులను మనుషులు ఎలా కాపాడుకుంటారో జీవితమంతా పరిశోధించి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, నియమాలకు లోబడవలసినవారికి ఆ నియమాలు రూపొందించడంలో భాగం ఉన్నచోటే అటువంటి ఏర్పాట్లు ఎక్కువకాలం నిలిచాయని గమనించారు. కనుక ఆ యువకుల దగ్గరికి కూడా పట్టిక తీసుకువెళ్ళండి. రాత్రిపూట పార్కులో ఉండే అలవాటు వారికి ఎలాగూ ఉన్నది, ఆ వేళ మనకు మనుషుల కొరత ఎలాగూ ఉన్నది.

పట్టిక మొదటి వారంలో నిండకపోతే నిరాశ వద్దు. ఖాళీగా ఉన్న గంటలన్నింటినీ ఒకేసారి నింపాలని చూడవద్దు. దీపాలు వెలిగిన తరువాతి మొదటి గంటను ముందుగా ఎంచుకోండి. పగలు వచ్చినవారు ఇళ్ళకు వెళ్ళిపోయి, పార్కు హఠాత్తుగా ఖాళీ అయ్యే గంట అదే. ఆ గంటకు రోజుకు ఇద్దరు చొప్పున పద్నాలుగు పేర్లు దొరికితే మీ పని మొదలైనట్టే. ఒక్కరిగా కాక ఇద్దరిగా రమ్మనండి, వెలుతురు ఉన్న బెంచీ మీద, బయటి వీధికి కనిపించేటట్టు కూర్చోమనండి, వెళ్ళేముందు పుస్తకంలో తేదీ, వెలగని స్తంభాల నంబర్లు రాయమనండి. ఆ గంట ఒక నెల పాటు తప్పకుండా నడిచిన తరువాతనే పట్టికలోని మరొక ఖాళీ గంటకు వెళ్ళండి.

సెలవు. నమస్కారం.