బేస్ బాక్స్ ఎక్కడ పెట్టాలి

శ్రోతలందరికీ నమస్కారమండి. పెళ్లి రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా మొదలవ్వగానే ముందు వరసలో కూర్చున్న పెద్దాళ్లు "ఆ బూం బూం తగ్గించండి బాబూ" అని సైగలు చేస్తుంటారు, అదే హాల్లో వెనక కూర్చున్నోళ్లకేమో అసలు బేస్ గిటార్ వాయిస్తున్నారన్న సంగతే తెలీదు. ఇది మీరు చూసే ఉంటారు. నేను బేస్ వాయిస్తాను, చాలా ఏళ్లు ఇదంతా యాంప్ మీద, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె మీద, నాబ్ తిప్పితే పోయే సమస్యే అనుకున్నా. కాదండి, చాలాసార్లు సమస్యంతా ఆ స్పీకర్ బాక్స్ పెట్టిన చోటులోనే ఉంటుంది.

చిన్న లెక్క చెప్తా, భయపడకండి. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది, అంటే ఆ స్వరం ఒక్క అల పొడవు 8 మీటర్ల పైమాటే, మన అడుగుల్లో 27. చాలా మండపాల్లో స్టేజే అంత ఉండదు. అంత పొడవాటి అల బాక్స్‌కి ఎదురుగా మాత్రమే పోదు కదా, బాక్స్ చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతుంది, గోడకి తగిలి మళ్లీ ముందుకొస్తుంది, గొడవంతా అక్కడే.

ఒక కల్యాణ మండపంలో సౌండ్ చెక్ చేస్తున్నాం. అన్ని స్వరాలూ బాగానే పలుకుతున్నాయి, డీ తీగ మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీద మెట్టు) దగ్గర పలికే ఎఫ్ అనే స్వరం మాత్రం ఎంత గట్టిగా మీటినా గొంతు పట్టేసినట్టు వస్తోంది, ఆ పాట శ్రుతి చూస్తే ఎఫ్! "తీగ పాతదైపోయిందేమో చూడరా తమ్ముడూ" అన్నాడు కీబోర్డ్ అన్న. తీగ కొత్తదే. తర్వాత టేపు పెట్టి కొలిస్తే బాక్స్ ముందు భాగానికీ వెనక గోడకీ మధ్య మీటరు దూరం ఉంది. అల వెనక్కి ఒక మీటరు పోయి ఒక మీటరు తిరిగొస్తే రెండు మీటర్లు, ఎఫ్ అల పొడవు నాలుగు మీటర్లకి కాస్త తక్కువ, అంటే తిరిగొచ్చిన అల దాదాపు సగం వెనకబడి ముందు అలకి ఎదురుపడుతోంది, అది పైకి లేస్తుంటే ఇది కిందికి లాగుతోంది. ఇద్దరం కలిసి బాక్స్‌ని గోడకి ఆనించాం. ఎఫ్ వచ్చేసింది! కాకపోతే గోడ సాయం దొరికాక కింది స్వరాలన్నీ పెరిగాయి కాబట్టి యాంప్‌లో బేస్ నాబ్ గడియారం ముల్లులా పన్నెండింటి దగ్గర్నుంచి పదింటి దగ్గరకి తగ్గించా, అంతే. అయితే గోడ మంచిది కదా అని మూలకి తోసేయకండి. నేల, వెనక గోడ, పక్క గోడ, లెక్క ప్రకారం ఒక్కోటీ శబ్దాన్ని 6 డెసిబెల్స్ (శబ్దం కొలిచే లెక్క) దాకా పెంచగలదు, మూల్లో పెట్టారంటే హాలంతా ఒకటే ఉరుము.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఇది చాలామంది పట్టించుకోరు, నాకైతే చాలా బాధగా ఉంటుంది. స్టేజ్ మూడు అడుగులు ఎత్తు అనుకోండి, దాని మీద నేలకి ఆనించి పెట్టిన బాక్స్‌లో స్పీకర్ ఎక్కడుంటుంది? ముందు వరసలో కుర్చీలో కూర్చున్న తాతగారి చెవి దగ్గర! వాయించేవాడికేమో మోకాళ్లకి కొడుతుంది. కింది స్వరాలు అన్నివైపులా పరుచుకుంటాయి గానీ, వేలు తీగని మీటిన ఆ స్పష్టత ఉంటుంది చూశారా, అది టార్చిలైటులా సూటిగా పోతుంది. అది తన చెవికి అందక వాయించేవాడు వాల్యూమ్ పెంచుతాడు, తాతగారు లేచి వెళ్లిపోతారు. బాక్స్ ముందు అంచు కింద చెక్క ముక్క పెట్టి కాస్త వెనక్కి వాల్చండి, లేదా గట్టి స్టాండ్ మీదకి ఎక్కించండి, వాల్చినప్పుడు పైనున్న యాంప్ జారిపోకుండా మాత్రం బెల్టు కట్టండి. మన చెవికి బాగా వినిపిస్తే వాల్యూమ్ దానంతటదే తగ్గిస్తాం. రెండు బాక్సులుంటే పక్కపక్కన కాదు, ఒకదానిమీద ఒకటి పెట్టండి.

చెక్క పలకల స్టేజ్ అయితే ఇంకో తలనొప్పి. కింద అంతా డొల్ల కదా, బాక్స్ నేరుగా పెడితే స్టేజే పెద్ద డోలులా మోగుతుంది, అటుపక్క స్నేర్ డ్రమ్ ఎవరూ కొట్టకుండానే కింద వైర్లు జరజరమంటాయి. బాక్స్ కింద మందపాటి ఫోమ్ వేస్తే చాలావరకు తగ్గిపోతుంది. అలాగే పాడేవాళ్ల వెనక, మైకు ముఖాన బాక్స్ పెట్టొద్దు, తబలా మైకుల దగ్గర అసలొద్దు, డగ్గా (తబలా జతలో పెద్దది) చర్మం బేస్‌కి తనే కదులుతుంది, దాన్ని మైకు పట్టుకుని పెద్ద స్పీకర్లలోకి పంపిస్తే ఊళ మొదలవుతుంది. డ్రమ్స్ పక్కన, హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే తాళాల జత) వైపు పెట్టుకోండి, డ్రమ్మర్‌కి బేస్ వినపడితే ఇద్దరూ ఒకే ఊపులో ఉంటారు.

వినాయక చవితి పందిట్లో, షామియానా కింద అయితే గోడలే ఉండవు, వెనక కట్టిన గుడ్డ బేస్‌కి లేనట్టే లెక్క, దాంట్లోంచి దూసుకుపోతుంది. ఇంట్లో దడదడలాడించిన యాంప్ అక్కడ పీలగా వినిపిస్తే కంగారుపడి ఫుల్లు పెట్టేయకండి. మైకులన్నీ కలిపే మిక్సర్‌కి మీ బేస్ నుంచి ఒక వైరు ఇచ్చేయండి, జనానికి వినిపించడం పెద్ద స్పీకర్ల పని, మీ బాక్స్ మీకూ డ్రమ్మర్‌కీ వినపడితే చాలు.

ఇవన్నీ చేశాక తెలిసినవాళ్లెవరికైనా గిటార్ ఇచ్చి ఒక్కో స్వరం నెమ్మదిగా వాయించమనండి, మీరు దిగి ఆఖరి కుర్చీల దాకా నడవండి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వినపడుతుంది, ప్రతి హాల్లోనూ అంతే. కానీ ఒకే స్వరం అన్నిచోట్లా ఎవరో మింగేసినట్టు వినపడకపోతే వెనక్కెళ్లి బాక్స్‌ని ఒక అడుగు జరిపి మళ్లీ నడవండి. నాకు ఒక్కోసారి మూడు నాలుగు సార్లు తిరగాల్సొస్తుంది. ఈలోపు కుర్చీలు సర్దే అబ్బాయిలు ఆగి వింటుంటారు, వాళ్లనీ అడుగుతాను, "ఇక్కడ ఎలా వినపడుతోంది తమ్ముడూ" అని. ఉంటానండి, నమస్కారం.